బయాలజీ ప్రాజెక్టుకి ఎలుగుబంటి ఎన్‌క్లోజర్: చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

మంగళగిరి_అమ్మ
అందరికీ నమస్కారం. మా బాబు తొమ్మిదో తరగతి. ఒక జంతువుని ఎంచుకుని, జూలో దానికి చోటు ఎలా కట్టాలో మోడల్ చేసి, ఎందుకలా కట్టారో నాలుగు పేజీలు రాయాలట. ముందు పెంగ్విన్ అన్నాడు. మే నెల ఎండకి మనింట్లో ఏసీయే చేతులెత్తేస్తుంది, దానికేం పెడతావురా అన్నాను. చివరికి ఎలుగుబంటి దగ్గర ఆగాడు. థర్మోకోల్ షీటు, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు, ఒక గుహ, ఒక నీళ్ల తొట్టి, చుట్టూ ఐస్‌క్రీమ్ పుల్లల కంచె. ఇదీ వాడి ప్లాను. ఏదో తక్కువైందని నాకూ అనిపిస్తోంది, అదేంటో తెలియడం లేదు. శనివారం ఇవ్వాలి, ఒకటే టెన్షన్.

వరంగల్_బయాలజీ
నేను టీచర్‌నే అండి, ఏటా ముప్పై నలభై మోడల్స్ దిద్దుతాను. అన్నిట్లోనూ అదే గుహ, అదే తొట్టి, అదే కంచె. ఎలుగుబంటి బొమ్మ తీసి సింహాన్ని పెట్టినా ఏమీ మారదు. నేను చూసేది ఒక్కటే: ఆ జంతువు ఒంటికీ ఈ చోటుకీ సంబంధం ఉందా?

మన అడవుల్లో ఉండే ఎలుగుబంటి చెదలు, చీమలు తినే రకం. పైదవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని పీల్చుకుంటుంది. అప్పుడు దుమ్ము లోపలికి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. పొడవాటి గోళ్లు పుట్టలు తవ్వడానికి. పిల్లలు పరీక్షలో వీటినే 'అనుకూలనాలు' అని గడగడా రాస్తారు. మోడల్‌కి వచ్చేసరికి నున్నటి సిమెంటు నేల వేస్తారు! తవ్వడానికి మట్టే లేకపోతే ఆ గోళ్లు దేనికి?

ఇంకోటి, మోడల్ మీరు చేయకండి. అమ్మ చేతి మోడల్ నాకు గుమ్మంలోంచే తెలిసిపోతుంది, అంచులు మరీ నీటుగా ఉంటాయి.

రిటైర్డ్_కీపర్
జూలో పనిచేసి దిగాను, అందులో తొమ్మిదేళ్లు ఎలుగుల దగ్గరే. అమ్మా, బాబుని అప్పుడే థర్మోకోల్ కోయొద్దనండి. ముందు కాగితం మీద ఎలుగుబంటి ఒక రోజు ఎలా గడుపుతుందో రాయమనండి. అడవిలో అది ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది, తిండి వెతుక్కోవడంలోనే గంటలు గడిచిపోతాయి. జూలో గిన్నెలో జావ పోస్తే పది నిమిషాల్లో ఖాళీ. ఇక మిగతా రోజంతా ఏం చేయాలి? ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంది, నిలబడి తల ఊపుతుంది. జనం 'డాన్స్ చేస్తోంది' అని చప్పట్లు కొడతారు. అది డాన్సు కాదమ్మా, ఏమీ తోచకపోవడం.

మేం దుంగకి రంధ్రాలు పెట్టి లోపల తేనె రాసేవాళ్లం. దాన్ని కావలించుకుని గంటసేపు కూర్చునేది. పళ్లు ఒకచోట పోయకుండా రాళ్ల కింద, చెట్టు తొర్రలో దాచేవాళ్లం.

ఇంకో సంగతి పిల్లలెవరూ పెట్టరు. వెనకాల రాత్రి గది ఉండాలి. లోపల శుభ్రం చేయాలంటే ముందు ఎలుగు ఆ గదిలోకి వెళ్లాలి, దాని వెనక జారుడు తలుపు పడాలి, ఆ తలుపుని బయట నిలబడే లాగగలగాలి. కీపర్ వచ్చే దారికి రెండు తలుపులుండాలి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. అందరూ కంచెకి ఒక్క గేటు పెట్టి వదిలేస్తారు. ఆ గేటు తీసుకుని లోపలికి వెళ్లేది నాలాంటివాడు కదా!

సీతమ్మధార_నాన్న
మా అమ్మాయి రెండేళ్ల క్రితం పులి చేసింది, కొలతల దగ్గర బోల్తాపడ్డాం. కేంద్ర జూ అథారిటీ నియమాల ప్రకారం పులుల జంటకి బయటి ఆవరణ కనీసం 1000 చదరపు మీటర్లు ఉండాలి. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు అనుకుని 1:50 స్కేలులో 80 సెం.మీ., 50 సెం.మీ. అట్ట కోశాం. అక్కడిదాకా బాగానే ఉంది. బొమ్మల షాపులో కొన్న పులి 18 సెం.మీ. ఉంది. అంటే అదే స్కేలులో తొమ్మిది మీటర్లు, బస్సంత పులి! జడ్జిగా వచ్చినాయన జేబులోంచి స్కేలు తీసి మరీ కొలిచాడు. మీ ఎలుగుబంటిని మూడు, నాలుగు సెం.మీ. దాటకుండా మట్టితో చేయించండి.

హాంబర్గ్‌లో_తెలుగోడు
ఐస్‌క్రీమ్ పుల్లలు వద్దు, కందకం పెట్టించండి అక్కా. ఇక్కడ కార్ల్ హాగెన్‌బెక్ 1907లో జూ తెరిచినప్పుడు ఊచలు తీసేసి కందకాలు తవ్వించాడు. నిలబడి చూసేవాళ్లకి కందకం కనబడదు, సింహాలు ఎదురుగా మైదానంలో తిరుగుతున్నట్టే ఉంటుంది. ఏ జంతువు ఎంత దూరం దూకుతుందో చూసుకునే వెడల్పు లెక్క కట్టాడు. (అంతకుముందు ఇదే మనిషి దూరదేశాల మనుషుల్ని కూడా టికెట్ పెట్టి చూపించాడు, అది వేరే కథ.) హైదరాబాద్ నెహ్రూ జూకి వెళ్లినవాళ్లకి ఈ కందకాలు గుర్తుండే ఉంటాయి.

రిటైర్డ్_కీపర్
కందకం మంచిదే తమ్ముడూ. కానీ ఎలుగు చెట్టెక్కుతుంది. కందకం పక్కనే చెట్టు పెడితే కొమ్మ పట్టుకుని జనంలోకి దిగుతుంది. చెట్టు నడిమధ్యలో ఉండాలి. కందకానికి జనం వైపు గోడ నిటారుగా, నున్నగా ఉండాలి. జంతువు వైపు మాత్రం వాలుగా ఉండాలి, పొరపాటున పడితే ఎక్కి రావాలి కదా.

టెన్త్_బ్యాచ్
నేను పోయినేడు కృష్ణజింక చేశాను. అందంగా ఉంటుందని మా పెరట్లోని గన్నేరు కొమ్మలు తెంపి మోడల్ నిండా గుచ్చాను. చూడ్డానికి వచ్చిన మేడం 'సాయంత్రానికి నీ జింకలన్నీ చచ్చిపోతాయి' అన్నారు. గన్నేరు ఆకు కూడా విషమేనని నాకప్పటిదాకా తెలీదు. మీ బాబుని రేగు, నేరేడు, ఇప్ప పెట్టమనండి ఆంటీ. అవి ఎలుగుబంటి తినేవే.

నల్లగొండ_తాత
ప్రాజెక్టుకి పనికిరాదేమో గానీ చెబుతున్నా. మా చిన్నప్పుడు ఊళ్లోకి ఎలుగుబంటిని తెచ్చి ఆడించేవాళ్లు. భయం పోతుందని పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి కట్టేవాళ్లు. నాకూ కట్టారు. దాని ముక్కులోంచి తాడు ఉండేది. వాసన పట్టి బతికే జంతువుకి సరిగ్గా అక్కడే పొడిచారని ఇప్పుడు పైన టీచరమ్మ రాసింది చదువుతుంటే తట్టింది.

మంగళగిరి_అమ్మ
బాబు ఇవన్నీ చదివి ఒక ప్రశ్న వేశాడు. దాక్కునే చోటు పెడితే చూడ్డానికి వచ్చినవాళ్లకి ఎలుగుబంటి కనిపించదు కదా?

రిటైర్డ్_కీపర్
కనిపించకపోతే కనిపించదు.

సీతమ్మధార_నాన్న
టికెట్ కొన్నవాళ్లు ఊరుకోరు సార్. విశాఖ జూలో ఒకసారి ఎండలో అరగంట నిలబడ్డాం, ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

వరంగల్_బయాలజీ
ఈ ప్రశ్న అడిగినందుకే మీ బాబుకి నేనైతే రెండు మార్కులు వేస్తాను. జనాన్ని ఒక్క వైపే నిలబెట్టండి, నాలుగు వైపులా కాదు. అప్పుడు అది వెనక్కి తిరిగి పోగలదు. కీపర్‌గారు చెప్పిన తేనె దుంగ, నీళ్లు, నీడ మాత్రం జనం వైపు పెట్టండి. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే ముందుకొస్తుంది. రిపోర్టులో ఈ వాదన అంతా రాయమనండి, మోడల్ కన్నా అదే బాగుంటుంది.

మంగళగిరి_అమ్మ
ఇచ్చేశాడండీ! 20కి 17. రెండు తలుపుల దారి చూసి వాళ్ల సార్ క్లాసందరినీ పిలిచి చూపించారట. మూడు మార్కులు ఎక్కడ పోయాయంటే, వర్షం నీళ్లు ఎటు పోతాయని అడిగితే వీడి దగ్గర జవాబు లేదు. కందకం నిండితే ఎలుగు హాయిగా ఈదుకుంటూ బయటికొచ్చేస్తుందన్నారట. మనలో ఎవరికీ తట్టలేదు చూశారా.

ఇప్పుడు కొత్త సమస్య. దుంగ రంధ్రాల్లో వాడు నిజం తేనే పోశాడు, నాకు చెప్పలేదు. మోడల్‌ని హాల్లో బల్ల మీద పెట్టాం. పొద్దున లేచేసరికి కిటికీ నుంచి దుంగ దాకా చీమల బారు. పారేద్దామంటే ఒప్పుకోవడం లేదు, ఎలుగుబంటికి తిండి వచ్చింది అంటున్నాడు.

రిటైర్డ్_కీపర్
బల్లని గోడకి కాస్త ఎడంగా జరిపి, నాలుగు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండమ్మా. అదీ కందకమే.