బడబాముఖం: దక్షిణ ధ్రువానికి ఆ పేరెందుకు?

ఒంగోలు సభ్యురాలి ప్రశ్న:
మాస్టారూ, భూమికి దక్షిణపు కొసన పాతాళానికి దారితీసే బిలం ఉందనీ, పూర్వులు దానినే బడబాముఖం అన్నారనీ మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. బడబాగ్ని అంటే సముద్రంలోని నిప్పు అని మాత్రమే నేను విన్నాను. ఈ రెండింటికీ పొత్తు ఏమిటో దయచేసి తెలుపగలరు.

నెల్లూరు నుంచి జవాబు:
అమ్మా, బడబ అంటే ఆడగుర్రం. లోకాలను కాల్చబూనిన ఔర్వుడనే ఋషి పితరుల మాట మన్నించి తన కోపాగ్నిని సముద్రంలో విడిచాడనీ, అది గుర్రపు ముఖం దాల్చి నీటిని తాగుతూ అక్కడే ఉండిపోయిందనీ భారతం ఆదిపర్వంలోని కథ. మన పెన్న మొదలుకొని నదులన్నీ వచ్చి పడుతున్నా కడలి చెలియలికట్ట దాటకపోవడానికి ఆ నిప్పే కారణమని చెప్పుకున్నారు.

ఈ పేరును జ్యోతిష సిద్ధాంతకారులు భూగోళానికి అమర్చారు: ఉత్తర ధ్రువం మేరువు, దక్షిణ ధ్రువం బడబాముఖం. స్వర్గమూ మేరువూ నేల నడుమ, నరకమూ బడబాముఖమూ నీటి నడుమ ఉన్నాయనీ, ఆ రెండు కొసల వాళ్లూ ఎదుటివారే తమకు కింద ఉన్నారని తలుస్తారనీ ఆర్యభటుడు 499లో రాసిన ఆర్యభటీయం అంటుంది. గోళానికి పైనా కిందా లేవని ఇంత చమత్కారంగా చెప్పిన శ్లోకంలో బిలం ఊసే లేదు. పురాణాలు 84,000 యోజనాలకు పెంచిన మేరువును ఒక్క యోజనానికి దించినవాడు కూడా ఆయనే.

అయితే ఆ అమరిక చూసి రాసినది కాదు. ఉత్తర ధ్రువం వద్ద ఉన్నది సముద్రంపై తేలే మంచు. 1911 డిసెంబరు 14న నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ చేరిన దక్షిణ ధ్రువమే ఖండం మీద, 2,800 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. ధ్రువాల వద్ద పెద్ద రంధ్రాలున్నాయని 1818లో చాటింపు వేసినవాడు సిమ్స్ అనే అమెరికన్. 1968 నాటి ఉపగ్రహ చిత్రంలో ఉత్తర ధ్రువం దగ్గర కనిపించే నల్లని వలయాన్ని కూడా ఆ వాదానికి రుజువుగా చూపుతుంటారు. అది ఆరు నెలల రాత్రిలో వెలుగు సోకని భాగం, అంతే.

కావలి సభ్యుని ప్రశ్న:
అంటార్కిటికాలో ఎరెబస్ అగ్నిపర్వతం ఉన్నది కదండీ, నిప్పు మాటైనా నిజం కాదా?

జవాబు:
1841లో బ్రిటిష్ నావికుడు రాస్ కనుగొన్న ఆ కొండ ధ్రువానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, ఒక దీవి మీద ఉందండీ. పైగా ఔర్వుని నిప్పు పని నీటిని లోపలికి పీల్చడమే. పొగనూ లావానూ బయటికి చిమ్మడం ఆ కథలో ఎక్కడా రాదు.