ఆఫీసులో మనవాళ్లతో తెలుగులో మాట్లాడితే కంప్లయింటా?

బెజవాడ_బాబు · శనివారం రాత్రి 10:40

బెంగళూరులో ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టీంలో తొమ్మిది మందిమి. అయిదుగురం తెలుగువాళ్లం, ఇద్దరు తమిళులు, ఒకతనిది హుబ్బళ్లి, ఒక ఒడియా అమ్మాయి. నిన్న సాయంత్రం లీడ్ నన్ను చిన్న మీటింగ్ రూంలోకి పిలిచి, తలుపేసి, "ఇకనుంచి ఫ్లోర్ మీద ఇంగ్లిషే మాట్లాడండయ్యా, కంప్లయింట్ వచ్చింది" అన్నాడు. ఆయనా తెలుగాయనే, మదనపల్లె. ఆ మాట చెప్పింది కూడా తెలుగులోనే.

మేం ఎవర్నీ తిట్టలేదు, ఎవరి మీదా జోకులెయ్యలేదు. మీటింగుల్లో ఇంగ్లిషే. టీ దగ్గరా, డెస్కు దగ్గరా పక్కవాడితో తెలుగు. తమిళులిద్దరూ తమిళంలో మాట్లాడుకుంటే ఎవరికీ నొప్పి లేదు, మేం నోరు తెరిస్తేనే ఇబ్బంది. మీ ఆఫీసుల్లో ఎలా ఉంది?

ఒంటిమిట్ట · రాత్రి 10:52

ఇద్దరు మాట్లాడుకుంటే కబుర్లు. అయిదుగురు మాట్లాడుకుంటే గుంపు.

కోనసీమ_కొబ్బరాకు · రాత్రి 11:05

బాబు గారూ, అస్సలు తగ్గొద్దండి. 2021 జూన్‌లో ఢిల్లీ జి.బి. పంత్ ఆసుపత్రిలో నర్సులు మలయాళం మాట్లాడకూడదు, హిందీ, ఇంగ్లిషే వాడాలి, లేకపోతే చర్య తీసుకుంటాం అని సర్క్యులర్ ఇచ్చారు. కరోనా రోజులండీ, వాళ్లు ప్రాణాలకి తెగించి పనిచేస్తున్న టైము. దేశమంతా గోల పెడితే మర్నాడే వెనక్కి తీసుకున్నారు. మలయాళీలు ఊరుకోలేదు కాబట్టి జరిగింది. మనవాళ్లయితే "సరే సార్" అని తలూపి వచ్చేస్తారు.

తెలుగుతల్లి_బిడ్డ · రాత్రి 11:20

2008లో ప్రాచీన భాష హోదా వచ్చిన భాష మనది. 2011 జనాభా లెక్కల్లో ఎనిమిది కోట్ల మంది పైనే. ఇంతమంది ఉండి సాటి తెలుగువాడితో తెలుగు మాట్లాడడానికి పర్మిషన్ అడుక్కోవడం సిగ్గుచేటు.

ఒంటిమిట్ట · రాత్రి 11:23

హోదా రాకముందు మాట్లాడుకోవచ్చా అన్నా?

హన్మకొండ_79 · ఆదివారం ఉదయం 7:15

నర్సుల ముచ్చట వేరు, ఇది వేరు. అయినా ఆ సర్క్యులర్ల ఒక్క మాటలో నిజమున్నది, ఎవ్వరూ ఒప్పుకోరు గానీ. మంచం మీద పడుకున్న మనిషి పక్కన నిలవడి ఇద్దరు వానికి తెల్వని భాషల మాట్లాడుకుంటే వానికి భయమైతది. సర్క్యులర్ తప్పు, భయం తప్పు కాదు.

బాబూ, ఒక్కటే అడుగుత. టీ దగ్గర మీరు మాట్లాడుకున్నది సినిమా ముచ్చటనా, పని ముచ్చటనా?

బెజవాడ_బాబు · ఉదయం 9:30

అన్నా, టీ అంటే టీ. పదిహేను నిమిషాలు. అది నా టైము, కంపెనీది కాదు. అందులో సినిమా మాట్లాడతానా, పని మాట్లాడతానా, ఇంటి ఈఎంఐ గురించి మాట్లాడతానా అన్నది ఎవరికీ అనవసరం.

హన్మకొండ_79 · ఉదయం 9:41

అనవసరం ఎట్లయితది? పని ముచ్చటైతే అది టీ కాదు, చెక్క బెంచీ మీద పెట్టిన మీటింగు. మిగిలిన నలుగురిని పిలవని మీటింగు.

ఇంకొకటి. మీరు మాట్లాడేది తెలుగే అని ఎట్ల చెప్తవ్? "డెప్లాయ్‌మెంట్ ఫెయిలైంది రా, లాగ్స్ చెక్ చెయ్" అంటరు. ఇండ్ల తెలుగు ఏమున్నది? "రా" ఒక్కటే. ఆ "రా" కోసం ఇంత లొల్లి చేస్తున్నవ్.

కోనసీమ_కొబ్బరాకు · ఉదయం 10:02

"అయింది" తెలుగు కాదా అండీ? "చెయ్" తెలుగు కాదా? క్రియ మనదైతే వాక్యం మనదే. ఆ మాటకొస్తే మీరు "లొల్లి" అన్నారు, మేం "గొడవ" అంటాం, అర్థమైంది కదా.

హన్మకొండ_79 · ఉదయం 10:10

అగో. ఆ చివరి మాట యాది పెట్టుకుంట, మళ్ల వస్త దాని దగ్గరికి.

డల్లాస్_మావయ్య · ఉదయం 10:35

ఇక్కడ అమెరికాలో దీనికి రూలే ఉంది. 1964 పౌరహక్కుల చట్టం కింద ఉద్యోగాల్లో వివక్షని చూసే ఈఈఓసీ అనే సంస్థ నియమం అది. పనిచేసే చోట ఎల్లవేళలా ఇంగ్లిషే మాట్లాడాలి అంటే దాన్ని వివక్ష కిందే లెక్కేస్తారు. ఫలానా సమయంలో, ఫలానా పనికి మాత్రమే అని, వ్యాపార అవసరం చూపించి పెట్టుకోవచ్చు. ముందుగా ఉద్యోగులకి చెప్పాలి కూడా. మీ లీడ్ నోటిమాటగా చెప్పాడా, మెయిల్ పంపాడా? మెయిల్ అడగండి.

ఒంటిమిట్ట · ఉదయం 10:37

మావయ్యా, బాబు ఉన్నది బెంగళూరులో. మెయిల్ అడిగితే వచ్చేది ఇంకో మెయిల్.

రైలుకట్ట · మధ్యాహ్నం 12:20

నేను ముప్పై ఏళ్లకు పైగా స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. రేణిగుంట వైపు ఎక్కువ కాలం చేసినా. అందుకని నా మాట కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపికుంటే చదవండి.

2019 మేలో మదురై దగ్గర తిరుమంగళం వైపు ఒకే లైను మీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చినాయి. దేవుడి దయ, ఢీకొనలేదు. స్టేషన్ మాస్టర్ల మధ్య మాట సరిగ్గా అందలేదన్నారు. జూన్‌లో దక్షిణ రైల్వే, కంట్రోలుకీ స్టేషన్ మాస్టర్లకీ మధ్య ఇంగ్లిషో హిందీయో వాడండి, ప్రాంతీయ భాష వద్దు అని సర్క్యులర్ ఇచ్చింది. తమిళనాడు భగ్గుమన్నది. వాపసు తీసుకున్నారు. పేపర్లలో అంతా భాషాభిమానం గురించే. బండ్లు ఎందుకు ఎదురుపడ్డాయన్నది రెండు రోజుల్లో అందరూ మర్చిపోయారు.

మా పనిలో లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చు అన్న అనుమతి, ఇచ్చేటప్పుడు ప్రైవేట్ నంబరని ఒకటి చెప్తాం. ఇవతల చెప్పింది అవతలివాడు తిరిగి చెప్పాల, ఇద్దరం రిజిస్టర్లో రాసుకోవాల. మాకు అవతల ఒక తమిళాయన ఉండేవాడు. నంబరు ఇంగ్లిషులో చెప్పేవాడు, నేను తిరిగి చెప్పేవాణ్ని, రాసుకునేవాళ్లం. రాయడం అయినాక "సాప్పిట్టాచా?" అనేవాడు, భోజనం అయిందా అని. "అయింది సామీ, మీది?" అనేవాణ్ని నేను. ఇన్నేళ్లలో ఆయన తెలుగు నేర్చుకోలేదు, నేను తమిళం పూర్తిగా నేర్చుకోలేదు. బండి మాత్రం ఒక్కటి తప్పు లైన్లోకి పోలేదు.

బాబూ, నేనడిగేది భాష గురించి కాదు. మీరు మాట్లాడుకున్నది ఎక్కడన్నా రాసినారా?

బెజవాడ_బాబు · మధ్యాహ్నం 1:05

సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. మేం రైళ్లు నడపడం లేదు.

పులిహోర_ప్రియ · మధ్యాహ్నం 2:10

నిన్నట్నుంచి చదువుతున్నా. ఆరేళ్లుగా తెలుగు మాట్లాడుతున్నావు, కంప్లయింటు ఇప్పుడే ఎందుకొచ్చింది? మొన్న ఏదో జరిగుంటుంది. నీ మొదటి పోస్టులో అది లేదు. నేను టెస్టర్ని, లేనిదే నాకు ముందు కనిపిస్తుంది.

బెజవాడ_బాబు · మధ్యాహ్నం 2:48

సరే, చెప్తా. దాచింది కాదు, సంబంధం లేదని రాయలేదు.

పోయిన శనివారం రాత్రి రిలీజ్. ఆ రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఒడియా అమ్మాయి. స్టెప్పుల షీటులో పద్నాలుగో స్టెప్పు ఒక పాత స్క్రిప్టు రన్ చెయ్యడం. శుక్రవారం టీ దగ్గర అనుకున్నాం, కొత్తగా పెట్టిన ప్రోగ్రాం అదే పని చేస్తోంది కాబట్టి పాతది రన్ చెయ్యక్కర్లేదని. ఆ అమ్మాయి షీటు చూసి రన్ చేసింది. డేటా రెండుసార్లు ఎక్కింది. తెల్లారేదాకా కూర్చుని సరిచేసింది. సోమవారం ఆర్‌సీఏ మెయిల్‌లో, అంటే తప్పు ఎందుకు జరిగిందో రాసే మెయిల్‌లో, కారణం కింద ఆ అమ్మాయి పేరు పడింది.

అది ఎవరో ఒకరు చెప్పాల్సింది, ఒప్పుకుంటా. కానీ అది చెప్పకపోవడం. భాష కాదు. ఇంగ్లిషులో మాట్లాడుకున్నా ఆ అమ్మాయి టీకి రాదు కాబట్టి తెలిసేది కాదు.

హన్మకొండ_79 · మధ్యాహ్నం 2:55

టీకి ఎందుకు రాదు?

హన్మకొండ_79 · మధ్యాహ్నం 3:20

జవాబు రాలే. నేనే చెప్త. మొదటి నెల వచ్చి ఉంటది. మీరు అయిదుగురు నవ్వుకుంటుంటే కప్పు పట్టుకొని నిలవడ్డది. రెండో నెల ఫోన్ చూసుకుంట నిలవడ్డది. మూడో నెల కాన్నుంచి డెస్కు కాడనే తాగుతున్నది. నేను పుణెల మూడేండ్లు గట్లనే తాగిన, మరాఠీ వాళ్ల నడుమ.

బెజవాడ_బాబు · సాయంత్రం 4:30

మీకందరికీ సులువుగానే ఉంటుంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిషులో మాట్లాడేటప్పుడు నేను సగం మనిషిని. మనసులో వాక్యం కట్టుకునేలోపు ఇంకొకడు నా పాయింటు చెప్పేసి మార్కులు కొట్టేస్తాడు. మూడేళ్లు వరసగా అప్రైజల్‌లో ఒకటే ముక్క, "కమ్యూనికేషన్ మెరుగుపడాలి". నేను కోడ్ రాసేది కంప్యూటర్‌కి, దానికి నా యాస పట్టింపు లేదు. రోజుకి ఎనిమిది గంటలు నాలుక బిగపట్టుకుని ఉంటా, ఆ టీ దగ్గర పదిహేను నిమిషాలే నేను జోకు వెయ్యగలను. అదీ తీసేస్తామంటున్నారు.

హన్మకొండ అన్నకి మీ ఊరి చరిత్రే గుర్తుచేస్తా. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఆ రోజు ఆయన్ని కూడా "అందరికీ అర్థమయ్యే భాషలో మాట్లాడు" అనే అని ఉంటారు.

హన్మకొండ_79 · సాయంత్రం 5:02

ఆ కథ నాకు చెప్పకు. ఆ కథ మాది.

గేలి చేసుడంటే ఏందో నాకు తెలుసు. 2003ల హైదరాబాద్‌ల నా మొదటి ఉద్యోగం. టీం మొత్తం తెలుగే. నేను "పోతున్న" అంటే "పోతున్నావా, ఎక్కడికి పోతున్నావు, పైకా?" అని నవ్వేటోళ్లు. క్లయింటు ముందు నేను ఇంగ్లిష్ మాట్లాడితే ఎవడూ నవ్వలే. టీ దగ్గర తెలుగు మాట్లాడితే నవ్విన్రు. నవ్వినోళ్లు మీ కృష్ణా, గుంటూరోళ్లు. పొద్దుగాల కొబ్బరాకు ఏమన్నడు? "మీరు లొల్లి అన్నారు, మేం గొడవ అంటాం, అర్థమైంది కదా" అన్నడు. ఇరవై ఏండ్ల కింద ఎందుకు అర్థం కాలే మరి?

"మన భాష" అంటున్నవు కదా, అండ్ల నన్ను ఎప్పుడు కలుపుకున్నరు?

కోనసీమ_కొబ్బరాకు · సాయంత్రం 5:09

అదిగో, మళ్లీ ప్రాంతం తెచ్చారు. మాది కృష్ణా కాదండి, గోదావరి. మా యాసనీ సినిమాల్లో కమెడియన్లకే ఇచ్చారు, మేం ఏడవలేదే.

మోడరేటర్ · సాయంత్రం 5:40

రెండు పోస్టులు తీసేశాను. జిల్లాలని తిట్టే మాటలు ఇక్కడ వద్దు.

ఒంటిమిట్ట · సాయంత్రం 5:44

ఆ రెండూ ఇంగ్లిషులో ఉన్నాయి. తిట్టుకోడానికి కామన్ లాంగ్వేజ్ దొరికింది.

పులిహోర_ప్రియ · రాత్రి 8:15

అన్నలిద్దరూ అయ్యాక నేను చెప్తా.

నాది హైదరాబాద్ ఆఫీసు. తెలుగులో నాతో మాట మొదలుపెట్టిన ప్రతి సీనియరూ రెండో ప్రశ్న "మీదే ఊరమ్మా", మూడోది "ఇంటిపేరు?" ఇంటిపేరుతో తేలకపోతే "నాన్నగారు ఏం చేస్తారు". అక్కడా తేలకపోతే ఊళ్లో ఏ వీధి దాకా వెళ్తారు. ఒకాయన మా ఊళ్లో గుడికి ఎంత దూరం మీ ఇల్లు అన్నాడు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నాడో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిశాక మర్నాటి నుంచి లంచ్‌కి పిలవడం మానేశాడు. నాలుగేళ్లుగా నాతో పనిచేస్తున్న బెంగాలీ మేనేజర్ ఇంతవరకూ నన్ను ఒక్క సొంత ప్రశ్న అడగలేదు. అంతకంటే సుఖం లేదు.

ఇంకోటి ఆ "రా" సంగతి. టీంలో అబ్బాయిలందరూ "రా". నేను "అమ్మా". రివ్యూలో ఇంగ్లిషులో "ఐ డిసగ్రీ" అంటే అది అభిప్రాయం. అదే మాట తెలుగులో అంటే "ఏంటమ్మా అలా మాట్లాడతావు" అంటారు. లీడ్‌ని ఇంగ్లిషులో పేరు పెట్టి పిలుస్తా. తెలుగులోకి రాగానే ఆయన "గారు", నేను "నువ్వు". ఈ భాష మా అమ్మ నేర్పిందే, ఇంట్లో ఇదే మాట్లాడతా, నా పాపకీ ఇదే నేర్పుతున్నా. ఆఫీసులో మాత్రం వద్దు.

బాబూ, నీ అయిదుగురిలో ఇంటిపేర్లు ఎన్ని రకాలు?

బెజవాడ_బాబు · రాత్రి 8:31

నేను ఎవర్నీ ఇంటిపేరు అడగలేదు. ప్రమాణం చేసి చెప్తున్నా.

పులిహోర_ప్రియ · రాత్రి 8:33

అడగాల్సిన అవసరం నీకు రాలేదేమో.

డల్లాస్_మావయ్య · రాత్రి 8:50

ఇక్కడా అంతే అమ్మా. తెలుగు అసోసియేషన్ల లెక్క చూస్తే అర్థమవుతుంది. ఇంతకంటే చెప్పను.

తెలుగుతల్లి_బిడ్డ · రాత్రి 9:05

భాష గురించి మాట్లాడుతుంటే కులం తేవడం అవసరమా?

హన్మకొండ_79 · రాత్రి 9:12

ఆమె తేలే. ఆమె రాకముందు నుంచే ఉన్నది.

బెజవాడ_బాబు · రాత్రి 11:50

ప్రియ గారూ, మీరడిగింది ఆలోచిస్తున్నా. అయిదుగురిలో నలుగురం ఒక్కటే. అయిదో అతను ఈమధ్య టీకి రావడం తగ్గించాడు, గ్యాస్ట్రిక్ అన్నాడు, నమ్మాను. హన్మకొండ అన్నా, మిమ్మల్ని నవ్వినవాళ్లలో నేను లేను, అప్పటికి ఆరో క్లాసులో ఉన్నా. అయినా ఇంగ్లిషొక్కటే అనే రూలు నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదు, అంతే.

రైలుకట్ట · సోమవారం ఉదయం 6:10

రాత్రంతా చదివినాను. అందరూ అన్నీ చెప్పినారు. ఆ షీటులో పద్నాలుగో స్టెప్పు తీసేసినారా లేదా అన్నది ఒక్కరూ చెప్పలేదు. మళ్లీ రిలీజ్ ఎప్పుడు?

బెజవాడ_బాబు · ఉదయం 9:55

ఈ శనివారం సార్. ఇప్పుడే తెరిచి చూశా. ఇంకా అలాగే ఉంది.