పాత అంబాసిడర్ ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది: పెద్ద రేడియేటర్ వేయించాలా, కరెంటు ఫ్యాను పెట్టాలా?

ప్రశ్న (విజయవాడ)

నమస్కారం. మా నాన్నగారు కొన్న 1984 మోడల్ అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజనుతో, ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. ఎండలు ముదిరాక బెంజ్ సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగితే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాకా వెళ్తుంది, గుంటూరు రోడ్డెక్కి వేగం అందుకోగానే మళ్ళీ దిగుతుంది. థర్మోస్టాట్‌ను (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కు వెళ్ళకుండా ఆపే కవాటం) షెడ్డు మెకానిక్ ఎప్పుడో తీసేశారు, ఇప్పుడు పెద్ద రేడియేటర్ వేయించమంటున్నారు. మొదటి నుంచీ బోరు నీళ్ళే పోస్తున్నాము. పనిముట్లు ఉన్నాయి కనుక ఆదివారాల్లో ఇంటి దగ్గరే చేసుకోవాలనుకుంటున్నాను. కరెంటు ఫ్యాను పెట్టుకోవచ్చా? ఏ పని ముందు చేయాలి?

జవాబు 1 (గుంటూరు)

మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. నిలబడినప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడే బండికి లోపం సాధారణంగా గాలి తగలడంలో ఉంటుంది. వేగంగా వెళ్తున్నప్పుడు, ఘాట్ ఎక్కుతున్నప్పుడు వేడెక్కితే అప్పుడు రేడియేటర్ గొట్టాలను, వాటర్ పంపును అనుమానించాలి. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే ఫ్యాను బెల్టు వదులైందేమో, రేడియేటర్ రేకుల మధ్య దుమ్మూ పురుగులూ ఇరుక్కున్నాయేమో, ఫ్యాను చుట్టూ రేకు తొడుగు ఉందో లేదో చూడండి. తొడుగు లేకపోతే ఫ్యాను ఇంజను వైపున్న వేడిగాలినే తిప్పుతూ ఉంటుంది. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా, అంటే ప్లగ్గు నిప్పురవ్వ ఆలస్యంగా పడినా, ఇంజను వేడెక్కుతుందని మరవకండి.

థర్మోస్టాట్ తీసేయడం మన షెడ్లలో పాత అలవాటు. ఒకసారి మూసుకుపోయి ఇబ్బంది పెట్టింది కదా అని తీసేస్తారు, కానీ అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. 82 డిగ్రీలది కొని, బిగించే ముందు దారంతో కట్టి నీళ్ళ గిన్నెలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచి చూడండి. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలైతే మంచిదే.

జవాబు 2 (హైదరాబాద్)

కరెంటు ఫ్యాను గురించి ఒక హెచ్చరిక. మీ బండికి ఇంకా డైనమోనే (బ్యాటరీని ఛార్జి చేసే పాతరకం యంత్రం) ఉంటే ఆ ఆలోచన మానుకోండి. ఆ కాలపు డైనమోలు పూర్తి వేగంలో ఇచ్చేదే సుమారు 22 ఆంపియర్లు, నిదానంగా నడిచే ఇంజను మీద దాదాపు ఏమీ ఇవ్వవు. ఫ్యాను ఒక్కటే పది, పదిహేను ఆంపియర్లు లాగుతుంది, అదీ సరిగ్గా మీరు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు. హెడ్‌లైట్లు కూడా వెలుగుతుంటే బ్యాటరీ ఇంటికి చేరేలోగా చచ్చిపోతుంది. ముందు డైనమో స్థానంలో నిదానంలోనూ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, ఆ తర్వాతే ఫ్యాను. అప్పుడు కూడా ఫ్యానుకు కరెంటు ఇగ్నిషన్ తాళం గుండా కాకుండా ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టి బ్యాటరీ నుంచే ఇవ్వాలి, దాన్ని నడిపే వేడి స్విచ్చు థర్మోస్టాట్ కంటే పది డిగ్రీలు ఎక్కువ దగ్గర పనిచేసేది ఎంచుకోవాలి. వైర్లు కలిపే ముందు బ్యాటరీ ఏ కొస (ప్లస్సా, మైనస్సా) బాడీకి తగిలించి ఉందో చూసుకోండి.

జవాబు 3 (అనంతపురం)

బోరు నీళ్ళు పోసిన బండి రేడియేటర్‌లో సున్నం పేరుకోకుండా ఉండదు. ఇంజను బాగా చల్లారాక నీళ్ళు వదిలేసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు నింపి, ఇరవై నిమిషాలు నడిపి వదలండి, తేట నీళ్ళు వచ్చేదాకా కడగండి. తర్వాత డిస్టిల్డ్ వాటరులో మూడో వంతు కూలెంట్ చాలు. మన దగ్గర గడ్డకట్టే భయం లేదు, తుప్పు పట్టకుండా కాపాడడమే దాని పని. పైగా కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ కలిపే కొద్దీ నీటికి వేడి మోసే శక్తి తగ్గుతుంది. వదిలిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం కూడా, కుక్కలకు అందనివ్వకండి.

రేడియేటర్ మూత మీద ఒక్కో పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం) ఒత్తిడి మరిగే స్థాయిని సుమారు ఒకటిన్నర డిగ్రీ పెంచుతుందని ఎక్కువ ఒత్తిడి మూత వేయకండి, పాత అతుకులు విచ్చుకుంటాయి. రేడియేటర్ మార్చక తప్పకపోతే పై, కింది పాత ట్యాంకులనే ఉంచి మధ్యలో మూడు వరుసల గొట్టాలున్న రాగి కోర్ వేయించడం మేలు.

ప్రశ్న వేసినవారి జవాబు, మూడు వారాల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. బెల్టు నిజంగానే వదులుగా ఉంది, తొడుగు అసలు లేనే లేదు, పలుచని రేకుతో ఇంట్లోనే చేసుకున్నాను. థర్మోస్టాట్ గిన్నెలో 82కి కాస్త పైన తెరుచుకుంది. నిన్న మధ్యాహ్నం అదే సర్కిల్ దగ్గర పావుగంట ఆగినా ముల్లు మధ్య గీత దాటలేదు. అయితే నిమ్మ ఉప్పుతో కడిగినప్పుడు మూడోసారికి గానీ తేట నీళ్ళు రాలేదు, సున్నం వదిలాక కింది ట్యాంకు అతుకు దగ్గర సన్నగా కారడం మొదలైంది. బండికి డైనమోనే ఉంది కనుక ఫ్యాను మాట పక్కన పెట్టాను. వచ్చే ఆదివారం రేడియేటర్ విప్పి, అతుకు వేయించే షాపులోనే మూడు వరుసల కోర్ ధర కూడా అడుగుతాను.