ప్రొబేషన్‌లో ఉన్న మనిషి నేరం మానేశాడని ఎప్పుడు రాయొచ్చు?

ప్రశ్న:
నా పీహెచ్‌డీ అంశం: ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు (నేరం రుజువైనా కోర్టు జైలుకి పంపకుండా, షరతులతో ఆఫీసర్ పర్యవేక్షణలో బయట ఉంచినవాళ్లు) నేరాలకు ఎలా దూరమవుతారు. 40 మందిని మూడు విడతలు ఇంటర్వ్యూ చేయాలనుకుంటున్నాను. ఏడాదిలోపు మళ్లీ శిక్ష పడకపోతే మానేసినట్టే అని పెట్టుకుంటే గైడ్‌గారు ఒప్పుకోవట్లేదు. లోపం ఎక్కడుందండీ? మనుషుల్ని ప్రొబేషన్ ఆఫీసర్ల ద్వారా పిలిపిస్తే సరిపోతుందా?

జవాబు 1:
గైడ్‌గారి అభ్యంతరం సరైనదేనండీ. శిక్ష పడలేదంటే పట్టుబడకపోయి ఉండొచ్చు, కేసు కోర్టులో నలుగుతూ ఉండొచ్చు. తిరగేసి కూడా జరుగుతుంది: ప్రొబేషన్‌కి ముందు చేసిన నేరానికి ఇప్పుడు తీర్పొస్తే, మారిన మనిషి మీ పట్టికలో మళ్లీ నేరం చేసినట్టు పడతాడు. అందుకే శిక్ష తేదీ వదిలేసి నేరం జరిగిన తేదీ తీసుకోండి. రెండేళ్లు గమనించి, తీర్పులు రావడానికి ఇంకో ఆరు నెలలైనా ఆగి రికార్డు తీయండి. జైల్లో గడిపిన రోజులు లెక్కలోంచి తీసేయాలి. హాజరు తప్పడం, చెప్పకుండా ఇల్లు మారడం లాంటి షరతు ఉల్లంఘనలకు వేరే గడి పెట్టండి. నిఘా పెరిగితే అవి ఎక్కువ బయటపడతాయి, అంతమాత్రాన మనిషి చెడినట్టు కాదు.

జవాబు 2:
అవును, కాదు అనే గడి ఒక్కటే చాలదు. నేరానికీ నేరానికీ మధ్య ఎడం పెరగడం, దోపిడీలు పోయి చిల్లర దొంగతనాలు మిగలడం కూడా మార్పే. బోస్టన్‌లో 500 మంది బాలనేరస్థులపై మొదలైన పరిశోధనను శాంప్సన్, లాబ్ అనే అమెరికా నేరశాస్త్రజ్ఞులు ఆ మనుషులకు 70 ఏళ్లు వచ్చేదాకా కొనసాగించారు. పెళ్లి, నిలకడైన ఉద్యోగం, సైన్యం ఎలా మలుపు తిప్పాయో ఏళ్ల తరబడి చూశాకే తెలిసింది. మీకు ఆ వ్యవధి లేదు కనుక "రెండేళ్లలో నేరం నమోదు కాలేదు" అని మాత్రమే రాయండి.

ఇంటర్వ్యూలో క్యాలెండర్ కాగితం వాడండి: పైన నెలలు, పక్కన ఇల్లు, పని, కుటుంబం, తాగుడు, అరెస్టు. ఇల్లు మారిన నెల దొరికితే మిగతావి దాని వెంట గుర్తొస్తాయి. "ఎందుకు మానేశారు?" అని సూటిగా అడిగితే ఆఫీసర్‌కి అప్పజెప్పే జవాబే మీకూ వస్తుంది.

జవాబు 3:
ఆఫీసర్‌కే వదిలేస్తే బుద్ధిగా హాజరయ్యేవాళ్లనే పంపుతారు. ఒక మూడు నెలల్లో ప్రొబేషన్ మొదలైనవాళ్ల పూర్తి జాబితా అడిగి, లాటరీ పద్ధతిలో మీరే ఎంచుకోండి. చివరికి 40 మంది మిగలాలంటే 65 మందితోనైనా మొదలుపెట్టాలి. మధ్యలో జారిపోయేది ఎక్కువగా ఇల్లూ వాకిలీ నిలకడ లేనివాళ్లే. వాళ్లు లేకపోతే ఫలితం ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. మొదటి రోజే, అనుమతితో, ముగ్గురు బంధుమిత్రుల నంబర్లు తీసుకోండి. వాళ్లకు పంపే మెసేజ్‌లో ప్రొబేషన్ మాట రానీయకండి.

రికార్డర్ నొక్కేముందే రెండు విషయాలు చెప్పాలి. రానన్నా ప్రొబేషన్‌కి ఏ ఇబ్బందీ ఉండదని ఒకటి; పోలీసులకు తెలియని పాత నేరం గురించి మాట్లాడితే తేదీ, చోటు, బాధితుల పేరు చెప్పొద్దని రెండోది. ఎవరికైనా ప్రాణహాని ఉందని తెలిస్తే ఎవరికి చెబుతారో సమ్మతి పత్రంలోనే రాయండి, ఎథిక్స్ కమిటీ ముందుగా అడిగేది అదే.