స్పెయిన్ వెళ్లేముందు ఆపదకి పనికొచ్చే స్పానిష్ నేర్చుకోవాలా, ఫోన్ ఉంటే చాలా?

కృష్ణాతీరం:
అమ్మానాన్నలతో మాడ్రిడ్, సెవియా, బార్సిలోనా వెళ్తున్నాం. నాన్నగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. వాళ్లచేత నాలుగు స్పానిష్ మాటలు బట్టీ పట్టిద్దామంటే, అనువాద యాప్ ఉండగా ఎందుకంటాడు తమ్ముడు. మీరేమంటారు?

టెక్కలి బుల్లోడు:
మీ తమ్ముడిదే రైటు. అత్యవసర నంబరు 112కి చేస్తే చాలు, యూరోపియన్ యూనియన్ అంతా ఉచితం. స్పెయిన్‌లో ఇంగ్లిష్‌ మాట్లాడేవాళ్లూ లైన్లోకి వస్తారు. మనం స్పానిష్‌లో అడిగితే వాళ్లూ స్పానిష్‌లోనే గడగడా చెప్పేస్తారు. ముక్క అర్థం కాదు, టెన్షన్ రెట్టింపు.

సీతమ్మధార:
ఆ ఫోనే పోతేనో బుల్లోడు గారూ? బార్సిలోనా మెట్రోలో, లా రాంబ్లా వీధిలో జేబుదొంగల కన్ను దాని మీదే. అప్పుడు పక్కనున్న మనిషే దిక్కు.

జవాబు అర్థం కాదన్నది నిజమే. అందుకే ప్రశ్నలు నేర్చుకోవద్దంటాను. "డాక్టర్ ఎక్కడ?" అంటే దారి చెప్తారు, మనకి తెలియదు. విషయం చెప్పేస్తే పని వాళ్లు చూసుకుంటారు. "మి పాద్రె ఎస్ దియబెతికో" (మా నాన్నకి షుగర్), "నో పువేదె రెస్పిరార్" (ఊపిరి ఆడట్లేదు), "యామె ఆల్ సియెంతో దోసె" (112కి ఫోన్ చేయండి), "మె ఆన్ రొబాదో" (నన్ను దోచుకున్నారు). ప్రాణం మీదికొస్తే "సొకొర్రో!" (కాపాడండి!) అని అరవాలి.

చీటీ తెలుగులోనే రాసివ్వండి. స్పానిష్ అచ్చులు మనవాటికి దగ్గర, త, ద కూడా మనలాగే పళ్లకి తగిలేవి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే పెద్దవాళ్లు ట, డ అని చదివేస్తారు. ఇంట్లో గట్టిగా పైకి అనిపించండి, మనసులో చదివితే ఆ సమయానికి నోరు తిరగదు.

టెక్కలి బుల్లోడు:
ఫోన్ పోయే మాట ఒప్పుకుంటా. కానీ ఆసుపత్రిలో నాలుగు వాక్యాలతో అయ్యేదేమీ లేదు. ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు అన్నచోట మాట తప్పితే ప్రమాదం. మందుల జెనెరిక్ పేర్లు, డోసు ఇంగ్లిష్‌లో ప్రింట్ తీసి నాన్నగారి జేబులో పెట్టండి. మన బ్రాండ్ పేర్లు అక్కడ తెలియవు. స్పెయిన్ హోంశాఖవారి అలర్ట్‌కాప్స్ యాప్ కూడా వేసుకోండి, అందులోంచి సాయం అడిగితే మీరున్న చోటు పోలీసులకి తెలుస్తుంది. నా ఓటు ఇప్పటికీ ఫోన్‌కే.

పెన్నాతీరం:
నేను సీతమ్మధార గారి వైపు. సెవియా ఎండలో మా మామయ్యకి షుగర్ పడిపోయి చెమటలు పట్టేశాయి, చేతులు వణుకుతున్నాయి. ఎదురుగా బార్ ఉంది. అక్కడ బార్ అంటే కాఫీ, టిఫిన్ కూడా దొరికే చోటు. అత్తయ్య "అసూకర్! దియబెతికో!" (పంచదార! షుగర్ మనిషి!) అంది. కౌంటర్ దగ్గరి అతను కాఫీకిచ్చే పంచదార పొట్లాలు గుప్పెడు తీసి, నారింజ రసంతో పాటు ముందు పెట్టాడు. యాప్ తెరిచేంత తీరిక ఎవరికుంది అప్పుడు?

ఇంకోటి, 112 స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటికీ ఒకటే అనుకోకండి. మెక్సికోలో 911, కొలంబియాలో 123, చిలీలో అంబులెన్స్‌కి 131. కృష్ణాతీరం గారూ, మీరు స్పెయిన్ దాటి వెళ్తే చీటీలో ఆ నంబరు మార్చుకోండి.