డెల్టోనా లయోనియా ప్రిజర్వ్: ఇసుక బాటలో పెద్దవాళ్లతో, పసిపిల్లలతో నడవగలమా?

ప్రశ్న (సాన్‌ఫర్డ్_కాపురం)

మే చివరి శనివారం ఫ్లోరిడాలోని డెల్టోనాలో లైబ్రరీ పక్కనున్న సంరక్షిత పొదల అడవి లయోనియా ప్రిజర్వ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఏడేళ్ల పాప, పది నెలల బాబు వస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. బాటంతా ఇసుకేనట, స్ట్రోలర్ వెళ్తుందా? ఎన్నింటికి బయల్దేరితే మంచిది? అక్కడుండే స్క్రబ్ జే అనే నీలం పిట్టలకు వేయడానికి నాన్నగారు పల్లీలు తెస్తానంటున్నారు, వేయొచ్చా?

జవాబు (ఇసుకబాట)

స్ట్రోలర్ వద్దండి. అక్కడిది పంచదారలాంటి తెల్లటి మెత్తని ఇసుక. ముందు చక్రాలు కూరుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది, పెద్ద చక్రాలున్న జాగింగ్ స్ట్రోలర్‌నైనా వెనక్కి లాక్కుంటూ నడవాల్సిందే. బాబుని క్యారియర్‌లో వీపుకి కట్టుకోండి.

అమ్మగారి విషయానికొస్తే, మామూలు చేతికర్ర అక్కరకు రాదు. దాని రబ్బరు మొన ఇసుకలో దిగిపోతుంది, దాని మీద బరువు వేసిన మనిషి ముందుకు తూలుతారు. ట్రెక్కింగ్ కర్రలు రెండు తీసుకుని, వాటి అడుగున వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్లలు తగిలించండి. అడుగు చిన్నదిగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయమనండి. మునివేళ్లతో నెట్టుకుంటూ నడిస్తే ఇసుక వెనక్కి జారి మొదట పిక్కలే పట్టేస్తాయి. మామూలు రోడ్డు మీద మైలుకి 20 నిమిషాలు పట్టేవాళ్లకి ఇక్కడ అరగంట పైనే అనుకోండి. మూడు చుట్టు బాటలున్నాయి. మొదటి రోజు ఒక్కటి చాలు, అదీ సగం ఓపిక మిగిలుండగానే వెనక్కి తిరగండి.

మే చివరికి ఇసుక బాగా ఎండి వదులుగా ఉంటుంది. ముందురోజు సాయంత్రం వాన పడితే మాత్రం మర్నాడు పొద్దున నేల కాస్త గట్టిగా ఉంటుంది, అలాంటి రోజు దొరికితే వదులుకోకండి.

చెప్పులు వద్దు. గాలాడే జాలీ బూట్లలోకి కూడా ఇసుక దూరుతుంది. మందపాటి మేజోళ్లు, చీలమండ దాకా ఉండే బూట్లు వేసుకోండి. బాట అంచుల్లో మన పల్లేరుకాయల్లా గుచ్చుకునే శాండ్‌స్పర్‌లు ఉంటాయి. వేళ్లతో పీకితే వేలికి దిగుతాయి, చిన్న దువ్వెనతో తోసేయండి.

బాట పక్కన బూడిదాకుపచ్చ రంగులో, పీచు ఉండల్లా కనిపించేవి లైకెన్లు, అంటే బూజు, నాచు కలిసి పెరిగే జీవులు. ఎండినప్పుడు కాలు పడితే అప్పడంలా పొడైపోతాయి. పెరిగేది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. గట్టి నేల కోసం బాట దిగి అంచున నడవకుండా పాపకి ముందే చెప్పండి.

జవాబు (పిట్టకూత)

పల్లీలు ఇంట్లోనే ఉంచేయండి, దయచేసి. పిట్టలకి గింజలు వేస్తే పుణ్యమని మన పెద్దల నమ్మకం, అది మంచి మనసే. కానీ ఫ్లోరిడా స్క్రబ్ జేకి మేత వేయడం చట్టరీత్యా నేరం. దానికి గట్టి కారణం కూడా ఉంది. పల్లీల బలంతో తల్లి ముందుగానే గుడ్లు పెట్టేస్తుంది. పిల్లలకి కావాల్సినవి గొంగళిపురుగులు, అవి అప్పటికింకా పుట్టవు. అలా పిల్లలు ఆకలితో పోతాయి.

ఫ్లోరిడాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి ఇది. 1987 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల ఫెడరల్ జాబితాలో ఉంది. ఒక్కో కుటుంబానికి సుమారు 25 ఎకరాలు కావాలి. లయోనియా మొత్తం 360 ఎకరాలే, అంటే ఎన్ని కుటుంబాలకి చోటుందో లెక్కేసుకోండి. అందుకే కుక్కల్ని కూడా లోపలికి రానివ్వరు.

గుర్తుపట్టడం తేలిక. తల, రెక్కలు, తోక నీలం, వీపు బూడిద రంగు. మామూలు బ్లూ జేకి తలమీద ఉండే కుచ్చు దీనికి ఉండదు. మే చివర్లో గోధుమరంగు తలతో కనిపించేవి ఈ ఏటి పిల్లలు. గుంపంతా నేల మీద వెతుక్కుంటుంటే ఒకటి పొద చివర నిలబడి డేగల కోసం కాపలా కాస్తుంది. ముందు ఆ కాపలా పిట్టని చూడమని పాపకి చెప్పండి, మిగతావి దాని కింద దొరుకుతాయి. చేతిమీదో టోపీమీదో వాలినా కంగారుపడి విదిలించకండి, కదలకుండా ఉంటే అదే వెళ్లిపోతుంది. పులిహోర డబ్బాలు కారు దగ్గరే విప్పండి.

అక్కడక్కడా మాడిన మోళ్లు, నరికేసినట్టున్న పొదలు చూసి పెద్దవాళ్లు బాధపడొచ్చు. అవి కావాలని చేసినవే. ఓక్ పొదలు నాలుగు నుంచి ఆరడుగుల మధ్య ఉంటేనే ఈ పిట్టలు నిలుస్తాయి. అంతకు మించి చెట్లు ఎదిగితే డేగలకి మాటు దొరుకుతుంది, ఓక్ కాయలు పాతిపెట్టుకునే ఖాళీ ఇసుకా కప్పబడిపోతుంది. 1994లో వలూసియా కౌంటీ, స్కూల్ బోర్డు కలిసి మొదలుపెట్టిన పని ఇది.

ప్రశ్న అడిగినవారు

పల్లీల సంగతి నాన్నగారికి చదివి వినిపించాను, సరేనన్నారు. టైమ్ ఎవరైనా చెప్పగలరా?

జవాబు (ఇసుకబాట)

సూర్యోదయానికే తెరుస్తారు, మే చివర్లో అది ఆరున్నర. ఏడింటికల్లా బాట మీద ఉండి తొమ్మిదిన్నరకి బయటపడండి. నీడ దాదాపు ఉండదు. మనిషికి గంటకి అర లీటరు పైన నీళ్లు పట్టుకెళ్లండి. అంత పొద్దున లైబ్రరీ తలుపులు తీసి ఉండవు, కాబట్టి బాత్రూమ్ పని దారిలోనే చూసుకోండి.

జవాబు (తాబేటిబొరియ)

రెండు ముక్కలు. ఇసుకలో అర్ధచంద్రాకారపు కన్నం, దాని ముందు చల్లినట్టు ఇసుక కనిపిస్తే అది గోఫర్ తాబేలు బొరియ. కన్నం పైన నిలబడొద్దు, చెయ్యి అసలే పెట్టొద్దు, పాములు కూడా అందులోనే తలదాచుకుంటాయి. తాబేలు కనిపిస్తే నీళ్లలో వదలాలని చూడకండి, అది నేల తాబేలు, ఈదలేదు.

ఇక ఉరుము వినబడితే వెంటనే కారులోకి. అక్కడి పొదలు చాలావరకు ఆరడుగుల లోపే, బాట మీద ఎత్తుగా నిలబడి కనిపించేది మనమే.