షాపుకీ ఇంటికీ కలిపి ఒకే నిచ్చెన కొంటే సరిపోతుందా?

హార్డ్‌వేర్_కడప:
అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాలి. మాది కడపలో హార్డ్‌వేర్ షాపు. రాక్‌లు 12 అడుగుల ఎత్తున ఉంటాయి, పై అరల్లో పైపు ఫిట్టింగులు, పెయింటు డబ్బాలు. కింద మన కడప బండలే, పాలిష్ పట్టించినవి. ప్రస్తుతం ఒక పాత వెదురు నిచ్చెన ఉంది, దాన్ని రాక్‌కి ఆనించి కుర్రాడు ఎక్కుతాడు, ఇంకొకడు కింద పట్టుకుంటాడు. గిరాకీ ఎక్కువగా ఉంటే ఆ పట్టుకునేవాడూ ఉండడు. ఇంటి దగ్గర ఇంకో గోల. వాటర్ ట్యాంకు మెట్ల గది స్లాబు మీద పెట్టించారు కానీ అక్కడికి దారి పెట్టలేదు (ఇల్లు కట్టేటప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదెందుకో). మిద్దె మీద నుంచి ఇంకో 9 అడుగులు ఎక్కాలి. ఇంటి పక్కనే కరెంటు తీగలు పోతాయి. ఒక అల్యూమినియం నిచ్చెన తీసుకుని షాపులో వాడుతూ, అవసరమైనప్పుడు ఇంటికి తెచ్చుకుందామని నా ఆలోచన. ఆన్‌లైన్‌లో టెలిస్కోపిక్‌వి (ఒకదాంట్లోకి ఒకటి జారి పొట్టిగా అయ్యేవి) చూశాను, ముడిస్తే స్కూటర్ మీద పట్టేలా ఉన్నాయి. తీసుకోవచ్చా? ఇంట్లోవాళ్లేమో వెదురుదే చాలు, డబ్బులు దండగ అంటున్నారు.

మేస్త్రీ_కర్నూలు:
ఒకటే రెండు చోట్లకీ అంటే కుదరదు తమ్ముడూ. షాపులో నీకు కావాల్సింది దేనికీ ఆనకుండా తనంతట తాను నిలబడేది, ఇంట్లో కావాల్సింది గోడకి ఆనేది. షాపుకి ఎ టైపు ఫోల్డింగ్ నిచ్చెన తీసుకో, 8 అడుగులది చాలు. నిచ్చెన ఎత్తుకి ఇంకో 4 అడుగులు కలిపితే మనిషి చెయ్యి అందే ఎత్తు వస్తుంది, అంటే నీ 12 అడుగులు. చాలామంది 6 అడుగులది కొని చివరి మెట్టు మీద నిలబడి మునివేళ్ల మీద లేస్తుంటారు, పడేది అక్కడే. పై రెండు మెట్లూ కాలు పెట్టడానికి కాదు. ఇంకోటి, ఎ టైపుని ముడిచి గోడకి ఆనించి ఎక్కొద్దు. అలా పెడితే కాళ్ల అంచు మాత్రమే నేలకి తగులుతుంది, మీ పాలిష్ బండల మీద సర్రున పోతుంది.

ట్యాంకు దగ్గర లెక్క వేరే. నిచ్చెన ఎంత ఎత్తున ఆనుతుందో అందులో నాలుగో వంతు దూరం కింద గోడ నుంచి జరపాలి. నీ 9 అడుగులకి రెండుంబావు అడుగులు. టేపు లేకపోతే నిచ్చెన కాళ్లకి బొటనవేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకి చాపు, అరచేతులు మెట్టుకి సరిగ్గా అందితే వాలు సరిపోయినట్టు. మరీ నిటారుగా పెడితే వెనక్కి పడతావు, మరీ వాలిస్తే కాళ్లు జారతాయి. పైన స్లాబు అంచు దాటి ఇంకో 3 అడుగులు నిచ్చెన ఉండాలి, లేకపోతే ఎక్కేటప్పుడు బానే ఉంటుంది, దిగేటప్పుడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అన్నీ కలిపితే నీకు 12, 13 అడుగులది కావాలి. పైన తాడుతో కట్టెయ్. కింద మనిషి పట్టుకున్నాడు కదా అని ధైర్యం పడొద్దు, జారే నిచ్చెనని ఒక మనిషి ఆపలేడు.

మావాళ్లు కొందరు నున్నటి నేల మీద గోనె సంచి పరిచి దాని మీద నిచ్చెన పెడతారు. నాకు అది అస్సలు నచ్చదు, ఆ సంచే నేల మీద జారుతుంది. కాళ్లకి రబ్బరు బుష్‌లు అరగకుండా ఉన్నాయా చూసుకో, నేల మీద నూనె, సిమెంటు దుమ్ము లేకుండా తుడువు, అంతే.

కరెంటుపని_అనంతపురం:
ఎవరూ అసలు సంగతి అనలేదే. ఇంటి పక్కన తీగలు పోతాయని అతను రాశాడు కదా. అల్యూమినియం నిచ్చెన అంటే పొడవాటి కరెంటు తీగ లాంటిదే. ఎక్కినప్పుడే కాదు, మిద్దె మీదకి చేర్చేటప్పుడు నిలువుగా పట్టుకుని తిప్పినా ప్రమాదమే. ఇద్దరు పట్టుకుని పడుకోబెట్టి మోయాలి. ట్యాంకు పనికి ఎఫ్‌ఆర్‌పి నిచ్చెన తీసుకోండి, ఫైబర్‌ది, బరువెక్కువ, ధర కూడా ఎక్కువే, అయినా అదే. వెదురుకి, కట్టెకి కరెంటు పారదు అనుకుంటారు, తడిసిందంటే పారుతుంది. ట్యాంకు కడిగేటప్పుడు తడవకుండా ఎలా ఉంటుంది?

ముందు ఆ తీగలు ఏవో తెలుసుకోండి. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనైతే ఇంటి గోడకీ తీగకీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, పైనుంచి పోతే మిద్దెకీ తీగకీ మధ్య 3.7 మీటర్లు ఉండాలని రూలు. తక్కువుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. లైను దగ్గర్లో పని ఉంటే మనవాళ్లు ఎల్‌సి (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి) తీసుకున్నాకే మొదలుపెట్టాలి. "అన్నా, ఒక్క నిమిషం పనే" అని లైన్‌మన్‌కి చెప్పకుండా ఎక్కేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది నాకు.

సీమబిడ్డ:
ఏందబ్బా ఈ హడావుడి. మా తాత మట్టి మిద్దె మీదకి కట్టె నిచ్చెన మీద చెనక్కాయల మూట భుజాన పెట్టుకుని ఎక్కేవాడు. ఏ రబ్బరు బుష్‌లు ఉన్నాయి అప్పుడు? జాగ్రత్తగా ఎక్కితే ఏదైనా ఒకటే.

మేస్త్రీ_కర్నూలు:
@సీమబిడ్డ మట్టి నేలలో నిచ్చెన కాళ్లు రెండంగుళాలు దిగబడేవి అన్నా, బండల మీద దిగబడవు. పడినవాళ్ల కథ మీ తాత చెప్పి ఉండడు అంతే 😀

సేఫ్టీ_ఎర్రగుంట్ల:
సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను కాబట్టి షాపు వైపు నుంచి చెప్తా. నిచ్చెన గురించి అడిగారు గానీ, నన్నడిగితే ముందు రాక్ మార్చండి. 20 లీటర్ల పెయింటు బకెట్ పాతిక కిలోలు దాటుతుంది, దాన్ని పై అరలో ఎందుకు పెట్టారు? బరువైనవి నడుము ఎత్తున, తేలికవి, ఎప్పుడో గానీ అడగనివి పైన. అలా సర్దితే నిచ్చెన ఎక్కే పని సగానికి సగం పోతుంది. మా దగ్గర నిచ్చెన అంటే పైకి చేరుకునే దారి మాత్రమే, దాని మీద నిలబడి చేసేది ఏదైనా కొద్దిసేపట్లో ఒక్క చేత్తో అయిపోవాలి. ఎక్కేటప్పుడు రెండు కాళ్లు ఒక చెయ్యి, లేదా రెండు చేతులు ఒక కాలు, ఎప్పుడూ మూడు ఆనుకునే ఉండాలి. బకెట్ పట్టుకుని దిగేవాడికి అది కుదిరే పని కాదు. రోజంతా పై అరల నుంచి సరుకు తియ్యాల్సిందే అంటే, చక్రాలు, బ్రేకు, పైన చుట్టూ రెయిలింగ్ ఉండే ప్లాట్‌ఫాం నిచ్చెన కొనండి, ఫోల్డింగ్ వద్దు.

పక్క అర అందడం లేదని నిచ్చెన మీదే పక్కకి వంగుతారు చూడండి, అది ఎన్నిసార్లు చెప్పినా మానరు. మనిషి బొడ్డు రెండు పక్క కమ్మీల మధ్యనే ఉండాలి. అందకపోతే దిగి, జరిపి, మళ్లీ ఎక్కాలి. టెలిస్కోపిక్ సంగతికొస్తే, ప్రతి మెట్టు దగ్గరా లాక్ పడిందో లేదో చూసుకోవాలి, మూసేటప్పుడు వేళ్లు నలుగుతాయి. ఓపికున్న మనిషి ఇంట్లో వాడుకోవచ్చు, షాపులో కుర్రాళ్ల చేతికి మాత్రం ఇవ్వను. నిచ్చెనల మీద మన దేశపు ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 3696 రెండో భాగం, 1991ది. కొనేటప్పుడు ఎంత బరువు మోస్తుందో రాసుందా చూడండి, ఆ లెక్కలో మనిషితో పాటు చేతిలో సరుకు కూడా వస్తుంది. పనిలో కుర్రాడు పడితే ఖర్చులు, పరిహారం యజమాని మీదకే వస్తాయి, అది కూడా ఇంట్లోవాళ్లకి చెప్పండి, డబ్బులు దండగ అనే మాట తగ్గుతుంది.

నర్స్_అనంతపురం:
పడ్డాక ఏం చెయ్యాలో కూడా కాస్త. నిచ్చెన మీద నుంచి కాళ్ల మీద పడినవాళ్లకి మడమ ఎముక విరగడం మామూలే, దాంతోపాటు నడుము దగ్గర వెన్నుపూస కూడా దెబ్బతినొచ్చు. మడమ నొప్పి ఎక్కువుండి నడుము సంగతి మనిషే చెప్పడు. అందుకని లేపి కూర్చోబెట్టడం, నీళ్లు తాగించడం, ఆటోలో మడిచి పడేసి తీసుకుపోవడం వద్దు. కదలకుండా ఉంచి 108కి చెయ్యండి. తల తగిలితే, బానే మాట్లాడుతున్నాడు కదా అని వదిలెయ్యకండి. వాంతులు, మత్తుగా ఉండడం, మాట తేడాగా రావడం కనబడితే వెంటనే ఆసుపత్రికి. రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లైతే లక్షణాలు లేకపోయినా చూపించాల్సిందే. అసలు ఆ మాత్రలు వాడేవాళ్లని, కళ్లు తిరిగేవాళ్లని ట్యాంకు దగ్గరకి పంపడమే తప్పు.

హార్డ్‌వేర్_కడప:
అందరికీ థ్యాంక్స్. షాపులో పెయింటు బకెట్లు ఈ వారమే కిందకి దించేస్తాం, ఎ టైపు 8 అడుగులది చూస్తా. ఇంటి దగ్గర ఎఫ్‌ఆర్‌పి ధర చూశాక టెన్షన్ వచ్చింది. దాని బదులు మెట్ల గది గోడకి ఇనుప నిచ్చెన పర్మనెంటుగా బిగించేస్తే ఎలా ఉంటుంది? తీగలు ఆ గోడకి అవతలి వైపున్నాయి, దూరమే. ఇంకా ఈ పాత వెదురుది, పని మనిషి అడుగుతోంది, ఇచ్చెయ్యనా?

మేస్త్రీ_కర్నూలు:
తీగలు నిజంగా దూరమైతే అదే మంచి పని, ఒకసారి చేయిస్తే ఎప్పటికీ ఉంటుంది. వెల్డర్‌కి నాలుగు చెప్పు. మెట్టుకీ గోడకీ మధ్య ఆరేడు అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే పాదం పట్టదు, మునివేళ్ల మీదే ఎక్కాల్సి వస్తుంది. మెట్టుకీ మెట్టుకీ అడుగు దూరం, అన్నీ సమానంగా. పక్క కమ్మీలు స్లాబు దాటి 3 అడుగులు పైకి పోయి పట్టుకునేలా ఉండాలి. బోల్టులు ఇటుకలో, ప్లాస్టరింగ్‌లో కాదు, బీములోకి దిగాలి, యాంకర్ బోల్టులే. పిల్లలుంటే కింది మెట్లకి రేకు కట్టి తాళం వేయించు. మే నెలలో మధ్యాహ్నం ఆ ఇనుము పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పొద్దున్నే ఎక్కండి. ఆషాఢం గాలికి ట్యాంకు మూత లేచిందని ఆ గాలిలోనే పరిగెత్తి ఎక్కొద్దు, గాలి తగ్గనీ.

వెదురుది ఎవరికీ ఇవ్వొద్దు. మన ఎండకి వెదురు లోపల్లోపలే చీలుతుంది, పైకి కనబడదు, రంగు వేసి ఉంటే అసలు తెలియదు. నీ షాపులో పనికి రానిది ఆమె ఇంట్లో మాత్రం ఎలా పనికొస్తుంది? మూడు ముక్కలుగా కోసి పొయ్యిలోకి ఇవ్వు, నిచ్చెనగా మాత్రం ఇవ్వకు.